పుంజము లెక్క నుండి వెర్షను లెక్క వరకు

భివండిలో స్థిరపడిన తెలుగువారి చరిత్రను వ్రాయబూనినవారు వలసతో మొదలిడి, సాంచెల కష్టమును వర్ణించి, దేవాలయ నిర్మాణముతోను సంఘస్థాపనతోను ముగించుట పరిపాటి. ఆ క్రమము యుక్తమైనదే. ఈ వ్యాసమున మాత్రము మేము అదే చరిత్రను వేరొక పోగు పట్టుకొని చెప్పదలచితిమి. ఆ పోగు పేరు లెక్క. మన పెద్దలు బట్టకు సంఖ్యతో పేరు పెట్టిరి. నూలును సంఖ్యతో పిలిచిరి. ఆ సంఖ్యను చూచి ఇది దానికి సరిపోవునా, సరిపోదా యని తేల్చిరి. నేడు వారి మనుమలును మనుమరాండ్రును ఠాణే, పుణే, హైదరాబాదు నగరములలోను, సముద్రముల కావలి దేశములలోను కంప్యూటరుల యెదుట కూర్చుండి, సాఫ్ట్‌వేరు ప్యాకేజీలకు గల సంఖ్యలను చూచి, ఇది దానికి సరిపోవునా యని తేల్చుచున్నారు.

పద్మానగరు, కామత్‌ఘరు ప్రాంతముల తెలుగు ఇండ్లలో ఈ రెండు తరముల వారును ఒకే పంక్తిని భోజనము చేయుదురు. అయినను ఒకరి పని ఒకరికి తెలియదు. తాతకు ప్యాకేజి యన్నచో తపాలాలో వచ్చు పొట్లము. మనుమనికి పుంజము అన్నచో అర్థమే తెలియదు. ఈ రెండు లెక్కల నడుమ గల బంధుత్వమును చదువరుల ముందుంచుటయే మా యుద్దేశము. వెర్షను సంఖ్య పుంజము నుండి పుట్టినదని మేము చెప్పబోము. అట్లు చెప్పుట చరిత్ర కాదు. కాని రెండింటికిని ఒకే అవసరము తల్లి. కంటికి కానరాని దూరమున నున్న వాని పనిపై నా పని ఆధారపడినపుడు, నేను వానిని ఏ గుర్తుచూచి నమ్మవలెను? ఈ ప్రశ్నకు మన వృత్తి యొక విధముగను, కంప్యూటరు వృత్తి యొక విధముగను సమాధానము చెప్పినవి.

పుంజము, మచ్చు

కోస్తా ఆంధ్రమున నేయబడి విదేశములకు ఎగుమతియైన తెల్లని బట్టలకు పుంజము అను కొలత యుండెను. పుంజమనగా పడుగులోని 120 పోగులు. 14 పుంజముల బట్టయన్నచో దాని వెడల్పున 1,680 పోగులున్నవని యర్థము. 36 పుంజములన్నచో 4,320 పోగులు. వెడల్పు ఇంచుమించుగా నొకటియే గనుక, పుంజముల సంఖ్య పెరిగినకొలది బట్ట దట్టమును, సన్నమును అగుచుండెను. నేతగానిని ఎఱుగనివాడును, నేసిన గ్రామమును చూడనివాడును ఆ సంఖ్యను విన్నంతనే బట్ట యెట్టిదో యూహింపగలిగెడివాడు.

ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పెను. పిమ్మట నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమునను వారి కోఠీ వెలసెను. ఆ యూరి పేరే వారి నోట మడపొల్లముగా మాఱి, ఒక జాతి బట్టకు పేరై, ఆంగ్లదేశపు అంగళ్ళ వరకు ప్రాకినది. లండనులోని వర్తకునికిని గోదావరీతీరపు నేతగానికిని నడుమ వేలమైళ్ళ సముద్రమున్నది, భాష వేఱు. వారి నడుమ ఒడంబడికకు రెండే సాధనములుండెను. ఒకటి పుంజముల వంటి సంఖ్య, రెండవది మచ్చు. మచ్చనగా నమూనాగుడ్డ. సంఖ్య పోగుల లెక్కను మాత్రమే చెప్పును. నూలు నునుపును, నేత నిండుదనమును, చలువ తెలుపును చెప్పలేదు. వాటికొఱకు మచ్చును ముందుంచుకొని, వచ్చిన తానులను దానితో పోల్చి, మొదటి రకము, రెండవ రకము, మూడవ రకము అని విడదీసి, సరిపోని వానిని త్రోసివేయుచుండిరి.

ఇచ్చట చదువరులు గమనింపదగిన విషయ మొకటి గలదు. నేతగాడు ముందుగా సొమ్ము తీసికొని నేసినవాడు. తాను మొదటి రకమని తెచ్చిన తానును కోఠీలో మూడవ రకమని యన్నచో, ఆ నష్టము వానిదే. పోల్చి చూచువాని చేతిలోనే యధికారముండెను. ఏది దేనికి సరిపోవునని నిర్ణయించు నియమము ఎవరి స్వాధీనమందున్నదో వారే వ్యాపారమునకు యజమానులు. ఈ సంగతి మగ్గమునకు ఎంత నిజమో, మేము ముందు చెప్పబోవు కంప్యూటరు విషయమునకు నంత నిజము.

సాంచెల పట్టణము

యంత్రపు నూలు వచ్చిన తరువాత లెక్క మాఱినది. పత్తినూలు నంబరును తేల్చు ఆంగ్లపద్ధతి సుప్రసిద్ధము. ఒక పౌను బరువునకు 840 గజముల చిలపలు ఎన్ని తూగునో అదియే నంబరు. 40 నంబరు నూలనగా పౌనుకు 40 చిలపలు, అనగా 33,600 గజములు. నంబరు పెరిగినకొలది నూలు సన్నము.

తెలంగాణమునుండి, ముఖ్యముగా కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ మొదలగు జిల్లాలనుండి, పద్మశాలీ కుటుంబములు బ్రతుకుతెరువు వెదకికొనుచు షోలాపురమునకును, బొంబాయికిని, భివండికిని తరలివచ్చినవి. భివండిలో అప్పటికే 1857 తరువాత ఉత్తరదేశమునుండి వచ్చి స్థిరపడిన మోమిన్ నేతగాండ్రు ఉండిరి. స్థానికుల భాష మరాఠీ, మోమినుల భాష ఉర్దూ, నూలువర్తకులలో పలువురి భాష గుజరాతీ, మనది తెలుగు. ఇన్ని భాషల నడుమ తగవు లేకుండ చెల్లుబడియైన భాష సంఖ్యయే. నూలు నంబరెంత, పన్నె యెంత, అంగుళమునకు పేక పోగులెన్ని యను మూడు మాటలు చెప్పినచో అందఱకును బట్ట కనులకు కట్టెడిది. అక్షరజ్ఞానము లేని కార్మికుడును ఈ సంఖ్యలయందు పండితుడే.

1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైనది. సుమారు రెండున్నర లక్షలమంది అందు పాల్గొనిరి. అనేక మిల్లులు మరల కోలుకొనలేదు. మిల్లులలో నేయవలసిన బట్టలో చాలభాగము భివండి వంటి సాంచెల పట్టణములకు మఱలినది. మిల్లులో ఒకే కప్పుక్రింద జరుగు పని ఇచ్చట పలువురి చేతులకు పంచబడినది: నూలు ఒకచోట, పడుగు తోడుట వేరొకచోట, గంజి మఱియొకచోట, నేత ఇంకొకచోట. ఒకరి పనిపై నొకరు ఆధారపడుట పెరిగినకొలది సంఖ్యకు విలువ హెచ్చినది. ఇచ్చట పని నేర్చి స్వస్థలమునకు మఱలినవారు సాంచెలను సిరిసిల్లకు కొనిపోగా, ఈ లెక్కయు వారితోనే ప్రయాణము చేసినది.

ఈ లెక్క యంతయు ఒకచోట కనబడు పనియొకటి కలదు. అది అచ్చు అతుకుట. సాంచెమీది పడుగు అయిపోవచ్చినపుడు, క్రొత్త బీములోని పోగులను పాతపోగుల కొనలకు ఒక్కొక్కటిగా వరుస తప్పక అతుకుదురు. క్రొత్త పడుగున పోగుల సంఖ్యయు వరుసయు పాతదానితో సమముగా నున్నపుడే ఈ సౌకర్యము. నూలు మరియొక గిరణీనుండి వచ్చినను, నంబరు సరిపోయినచో అతుకు నిలుచును, సాంచె కొలదిసేపటికే నడచును. పోగుల సంఖ్యయే మాఱినచో అతుకుట కుదరదు. పన్నె మార్చి, పోగులన్నింటిని మొదటినుండి ఒక్కొక్కటిగా ఎక్కింపవలెను. అతుకుతో పోవు మార్పు ఒకటి, అంతయు మొదటినుండి ఎక్కించవలసిన మార్పు మఱియొకటి. ఈ భేదమును మనసునందుంచుకొన్నవారికి వెర్షనుల విషయము సులభముగ బోధపడును.

అట్టలోని రంధ్రములు

మగ్గమునకును కంప్యూటరునకును పోలిక మాత్రమే కాక, చరిత్రసిద్ధమైన చుట్టరికమును కలదు. ఫ్రాన్సుదేశపు లియోన్ నగరమున బాసిల్ బూషోన్ 1725లో రంధ్రములు గల కాగితముచే పడుగుపోగులను లేపు ఉపాయమును కనిపెట్టెను. ఆ మార్గమునే పోయి జోసెఫ్ మేరీ జకార్డు 1804లో తన పేరిట ప్రసిద్ధమైన యంత్రమును పూర్తిచేసెను. అట్టలో రంధ్రమున్నచో పోగు లేచును, లేనిచో లేవదు. 1839లో పట్టుపై నేయబడిన జకార్డు చిత్రపటమునకు సుమారు 24,000 అట్టలు వాడబడినవి. అట్టి పటమొకటి ఆంగ్లగణితజ్ఞుడు చార్లెస్ బాబేజి యింట నుండెను. ఆయన తలపెట్టిన లెక్కల యంత్రమునకు ఆజ్ఞలిచ్చుటకు జకార్డు అట్టలనే స్వీకరించెను. 1843లో అడా లవ్‌లేస్ ఆ యంత్రమునుగూర్చి వ్రాసిన వివరణలో దానిని జకార్డు మగ్గముతోనే పోల్చెను. అమెరికాలో 1890 జనాభాలెక్కలకు హెర్మన్ హాలరిత్ రంధ్రపు అట్టల యంత్రములను వినియోగించెను. ఆయన స్థాపించిన సంస్థ 1911లో ఇతర సంస్థలతో కలిసి, 1924లో ఐబిఎం అను పేరు వహించెను.

ఈ చరిత్రయందొక చిన్న ముచ్చట మిగిలియున్నది. అట్టలోనో కాగితపు పట్టీలోనో తప్పు రంధ్రము పడినచో, దానిపై చిన్న కాగితపు ముక్క నంటించి సరిదిద్దెడివారు. అదియే అతుకు, ఆంగ్లమున ప్యాచి. అట్టలు పోయి అర్ధశతాబ్దము గడచినను, సాఫ్ట్‌వేరులో దోషమును సవరించుటను నేటికిని ప్యాచి యనియే పిలుచుచున్నారు.

మూడు సంఖ్యల మాట

నేటి సాఫ్ట్‌వేరును ఎవ్వడును మొదటినుండి చివరివరకు తానే వ్రాయడు. వేలకొలది చిన్న చిన్న ప్యాకేజీలను ఇతరులు వ్రాసి లోకమునకు ఉచితముగ నొసగియుందురు. వానిని కూర్చి, తనకు కావలసిన కొంతభాగమును తాను చేర్చును. భివండిలో నూలు, పడుగు, గంజి, నేత వేర్వేరు చేతులలో నున్నట్లే యిదియు. ఆ ప్యాకేజీలు దినదినము మాఱుచుండును. ప్రతి మార్పునకు నొక వెర్షను సంఖ్య యుండును. ఆ సంఖ్యకు అందఱకు నొకే యర్థముండవలెనని అమెరికావాసి టామ్ ప్రెస్టన్-వెర్నర్ నియమములను వ్రాసెను, వాని 2.0.0 వెర్షను 2013లో వెలువడెను.

ఆ నియమముల ప్రకారము 1.4.2 అను సంఖ్యలో మూడు భాగములు కలవు. చివరిది అతుకు: దోషమును సవరించితిని, తక్కినది యథాతథము అని దాని యర్థము. నడిమిది చేర్పు: క్రొత్త సౌకర్యము చేర్చితిని, పాతది చెడలేదు అని. మొదటిది పెద్దమార్పు: పాతపద్ధతిని మార్చితిని, మీరు మొదటినుండి ఎక్కించుకొనవలెను అని. అచ్చు అతుకువారికి ఈ భేదము క్రొత్తది కాదు. ఇందలి చుక్కను దశాంశ బిందువుగా చదువరాదు, 1.9 తరువాత 1.10 వచ్చును.

తెలుగువారికందఱకు తెలిసిన యుదాహరణ మొకటి చెప్పెదము. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను మన యక్షరము ఒక ప్రత్యేకరూపమున వచ్చినంతనే ఐఫోనులలోని కొన్ని కార్యక్రములు ఆగిపోవుచుండెను. అప్పటి సాఫ్ట్‌వేరు 11.2.5. ఫిబ్రవరి 19న ఆపిలు సంస్థ 11.2.6ను విడుదలచేసి ఆ దోషమును తొలగించెను. కడపటి యంకె 5 పోయి 6 వచ్చినది, జ్ఞానము నిలిచినది. అతుకు అనగా నిదియే.

ఇక నమూనాల సంగతి. ఒక ప్యాకేజిపై ఆధారపడువాడు ఏ వెర్షను కావలెనో వ్రాయునపుడు ఒకే సంఖ్యను వ్రాయనక్కఱలేదు. సంఖ్యల నమూనాను వ్రాయవచ్చును. 1.4.2 అని మాత్రమే వ్రాసినచో, ఆ తాను తప్ప మఱియొకటి వలదని యర్థము. 1.4.* అని నక్షత్రపు గుర్తుతో వ్రాసినచో, 1.4తో మొదలగు ఏ యతుకైనను సమ్మతమే. ~1.4.2 అని అల గుర్తుతో వ్రాసినచో, 1.4.2 గాని, దాని తరువాతి యతుకులు గాని రావచ్చును, 1.5.0 రారాదు. ^1.4.2 అని గొడుగు గుర్తుతో వ్రాసినచో చేర్పులును సమ్మతమే, 2.0.0 మాత్రము రారాదు. నంబరు సరిపోయినచో గిరణీ ఏదైనను సరేయని మన పెద్దలనుట యెట్టిదో, నమూనా వ్రాయుట యట్టిది.

నమూనాలు ఒండొంటితో పొసగక పోవుటయు కలదు. ఒక ప్యాకేజి మూడవదానిలో 1వ పెద్దవెర్షనును కోరును. మఱియొకటి దానిలోనే 2వదానిని కోరును. ఒకే సాంచెకు ఒకరు ఒక పన్నెను, వేరొకరు వేరొక పన్నెను కోరినట్లగును. ఇట్టి కోరికలు వందలకొలది కూడినపుడు, అందఱకు నొప్పుదలయగు కూర్పును వెదకుట గణితశాస్త్రమున మిక్కిలి కఠినమైన చిక్కులలో నొకటియని రుజువైనది.

నమ్మకము, దాని వెల

నమూనా వలన లాభము మిక్కిలి పెద్దది. దూరదేశమున నెవరో ఒక రంధ్రమును పూడ్చినచో, ఆ మేలు మన యింటికి అడుగకయే వచ్చును. కాని గొడుగు గుర్తు వ్రాయుటయనగా ఇంకను నేయబడని బట్టను నేడే యంగీకరించుట. నేయువాడు మాటకు కట్టుబడునను నమ్మకము దానికి పునాది. ఆ నమ్మకము వమ్మయినపు డేమగునో రెండు సంఘటనలు చాటినవి.

2016 మార్చి 22వ తేదీన లెఫ్ట్-ప్యాడ్ అను ప్యాకేజిని దాని రచయిత నిక్షేపశాలనుండి తొలగించెను. అది 11 పంక్తుల చిన్నవ్రాత. వాక్యమునకు ఎడమవైపున ఖాళీలు చేర్చి నిడివిని సరిచేయుటయే దాని పని. వేరొక ప్యాకేజి పేరునుగూర్చి ఒక సంస్థతో వచ్చిన వివాదమున, నిక్షేపశాలవారు తనకు వ్యతిరేకముగ తీర్చిరని ఆయన నొచ్చుకొని తనవన్నియు తీసివైచెను. దానిపై నేరుగనో పరోక్షముగనో ఆధారపడిన వేలాది నిర్మాణములు లోకమంతట ఆగిపోయినవి. సుమారు రెండు గంటలలో దానిని మరల నిలిపిరి. ఖచ్చితమైన సంఖ్యను వ్రాసికొన్నవారికిని నాడు రక్షణ లేదు. వస్తువే లేనపుడు సంఖ్య యేమి చేయగలదు?

రెండవది 2018 నాటిది. ఈవెంట్-స్ట్రీమ్ అను ప్యాకేజిని వ్రాసినవాడు, దాని యవసరము తనకు తీరినందున, సాయపడుదునని వచ్చిన అపరిచితునికి దానిని అప్పగించెను. ఆ క్రొత్తవాడు మొదట నిర్దోషముగ కనబడు ఉపప్యాకేజి నొకదానిని చేర్చెను. కొన్ని వారములకు దానికే 0.1.1 వెర్షనును వెలువరించి, బిట్‌కాయిను దాచుకొను ఒక కార్యక్రమమునుండి ధనమపహరించు వ్రాతను అందు దాచెను. పేరున కది అతుకు, లోన కన్నము. ఆ సంఖ్య నమూనాకు సరిపోయినది గనుక, పలువురి యింట తలుపు తట్టకయే ప్రవేశించినది. నవంబరులో గాని గుట్టు బయటపడలేదు.

ఈ రెంటియందును మాకు కనబడు సత్య మొకటి. సంఖ్య తనంత తాను ఏ హామీయు నీయదు. దాని వెనుకనున్న మనిషి యిచ్చును. లోకమంతయు ఆధారపడిన వస్తువును ఒక్కడు, ప్రతిఫలము లేక, ఎవరికిని పేరు తెలియక కాపాడుచుండుట సాఫ్ట్‌వేరు ప్రపంచమున సర్వసాధారణము. మూడు పాళీల సాంచెల చప్పుడులో మీటరు లెక్కను కూలి తీసికొని, తాను నేసిన బట్టపై తన పేరెన్నడును చూచుకొనని కార్మికుని ఎఱిగిన మన పట్టణమునకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కఱలేదు.

లెక్కపుస్తకము

ఇట్టి యనుభవముల వలన నొక జాగ్రత్త స్థిరపడినది. నమూనా ఒకచోట వ్రాసికొని, దాని ననుసరించి వాస్తవముగ వచ్చిన వెర్షను ఏదో వేఱొక పుస్తకమున ఉన్నదున్నట్లు నమోదు చేయుదురు. దీనిని లాకుఫైలు, అనగా తాళపుపట్టిక, యందురు. రూబీ భాషకు 2010లోనే ఇట్టిది యేర్పడినది. జావాస్క్రిప్టు భాషకు 2016 అక్టోబరులో ఫేస్‌బుక్కు సంస్థ యితరులతో కలసి వెలువరించిన సాధనము దీనిని వాడుకలోనికి తెచ్చినది; ఆ సాధనమునకు వారు పెట్టిన పేరు యార్న్, అనగా నూలు. మఱుసటి యేడు మే మాసమున ఎన్‌పిఎం సాధనమును తన యైదవ వెర్షనులో ఇట్టి పట్టికను చేర్చుకొనెను. పట్టికలో సంఖ్యతోపాటు ఆ ప్యాకేజిలోని ప్రతి యక్షరమునుండి గణింపబడిన ముద్రయు నుండును. ఒక్క యక్షరము మాఱినను ముద్ర సరిపోదు. పుంజముల సంఖ్య ప్రక్కన మచ్చును ఉంచుకొనుట ఎందుకో, సంఖ్య ప్రక్కన ముద్రను ఉంచుకొనుట అందుకే.

కావున నమూనాయు వలయును, పట్టికయు వలయును. నమూనా లేనివాడు లోకము చేయు మేలును పొందక పాతదోషములతోనే యుండిపోవును. పట్టిక లేనివాడు తన యింట నేమున్నదో తానే యెఱుగడు. మన నూలు వర్తకులును సాంచెల యజమానులును మాట నమ్మి సరకు తీసికొన్నారు. తీసికొన్న ప్రతి బీమును పుస్తకమున వ్రాసికొన్నారు. వ్రాసికొనుట నమ్మకపోవుట కాదని, రేపు తగవు వచ్చినపుడు ఉభయులను కాపాడునదని వారికి తెలియును.

నేడు భివండి సాంచెలతోపాటు గోదాములకును పేరుపొందినది. ఆ గోదాములలో సరకును నడిపించునది సాఫ్ట్‌వేరే. మన యువకులు కొందఱు అందును పనిచేయుచున్నారు. వారికి మేము చేయు మనవులు రెండు. మీరు వెలువరించు వస్తువునకు సంఖ్యను నిజాయితీగ పెట్టుడు. పెద్దమార్పును అతుకని చెప్పకుడు. పేరు తెలియని యెవరి పనిపై మీ జీతము నిలిచియున్నదో విచారించి, వారికి మాటసాయమో, పనిసాయమో, ధనసాయమో చేయుడు. రెండవది, ఇంటనున్న పెద్దల చెంత కూర్చుండి పుంజము, మచ్చు, పన్నె, కండె, అచ్చు అతుకుట మొదలగు మాటలను వాని యర్థములతో వ్రాసికొనుడు. ఈ మాటలు నోటివెంబడినే నడచివచ్చినవి. వానికి తాళపుపట్టిక లేదు. చెప్పువారు నేడు మన నడుమ నున్నారు. మన సంఘము వెలువరింపబోవు సంచికలలో అట్టి పదముల పట్టిక యొకటి, మన పిల్లల చేతనే వ్రాయబడి, అచ్చుకావలెనని మా కోరిక.